మసీరా పంటు మీద రివర్స్

మా ఆయన మూడు కొటేషన్లు లేనిదే కొత్తిమీర కట్ట కూడా కొనరు. అది ఆయన తప్పు కాదు, ఉద్యోగం పెట్టిన గుణం. అజ్మాన్ ఇండస్ట్రియల్ ఏరియాలో అల్యూమినియం కిటికీలు చేసే ఒక కంపెనీలో కొనుగోళ్లు చూస్తారు. ఏది కొనాలన్నా మూడు చోట్ల ధరలు తెప్పించి, పక్కపక్కన పేర్చి, బాగా పోల్చి, చివరికి ముదీర్ మొదట్లోనే మనసులో అనుకున్నవాడికి ఆర్డరు ఇస్తారు. ముదీర్ అంటే ఆఫీసులో పెద్ద మేనేజరు. మా ఇంట్లోనూ ఇదే పద్ధతి. తేడా ఒక్కటే, ఇంట్లో ముదీర్ కూడా ఆయనే.

కరోనా వెళ్లిపోయిందని అందరం నమ్మేసిన ఏడాది అది. డిసెంబరు మొదట్లో సెలవులు కలిసొస్తున్నాయి. కారులో ఒమాన్ పోదామని నేనన్నాను. ఊరికే పోవడం కాదు, దారిలో కారుతో సహా ఓడెక్కాలి, సముద్రం దాటాలి, అవతల కారుతో దిగాలి అన్నాను.

"ఒమాన్‌లో కార్లెక్కే పంటు ఉందటండీ," అన్నాను, భోజనాల దగ్గర.

మా ఆయన ముద్ద ఆపారు. "ప్యాంటా? కారుకు ప్యాంటేంది?"

"ప్యాంటు కాదండీ, పంటు!"

మా అత్తమ్మ నా వైపు జాలిగా చూసింది. "ఆడ ప్యాంటేస్కుంటెనే రానిస్తరా బిడ్డా? నా తాన అన్నీ చీరెలేనాయె."

ఇక్కడ కొంచెం భూగోళం చెప్పాలి. మా ఆయనదీ మా అత్తమ్మదీ జగిత్యాల పక్క పల్లె. నాది నరసాపురం. హైదరాబాద్‌లో ఒకే ఆఫీసులో పనిచేస్తూ, ఒకరి తెలుగు ఒకరికి సగం అర్థమై పెళ్లి చేసుకున్నాం. మిగతా సగం ముందే అర్థమయ్యుంటే ఏమయ్యేదో తెలియదు. మా ఊళ్లో గోదావరి మీద బళ్లనూ మనుషుల్నీ కలిపి దాటించే బల్లపరుపు పడవని పంటు అంటాం. ఇటు నరసాపురం రేవు, అటు సఖినేటిపల్లి. చిన్నప్పుడు మా నాన్న స్కూటరు ముందు భాగంలో నిలబడి ఎన్నిసార్లు దాటానో లెక్కలేదు. పంటు కదిలినప్పుడు స్కూటరు కదలకుండానే ముందుకు పోతున్నట్టుండేది. మనం ఏమీ చేయకుండా ముందుకు పోవడం అంత సుఖం ప్రపంచంలో ఇంకొకటి లేదని నాకు అప్పుడే అర్థమైంది. ఆ జ్ఞానమే తర్వాత నా డ్రైవింగుని నాశనం చేసింది.

ఎందుకంటే దుబాయ్‌లో లైసెన్సు ఇచ్చేవాళ్లు మనం ఏదో ఒకటి చేయాలంటారు. ముఖ్యంగా వెనక్కి పోవాలంటారు. చిన్నప్పుడు సోషల్ పాఠంలో రివర్స్ అంటే నదులు. గోదావరి ఒడ్డున పుట్టినదానికి రివర్స్ రాదంటే ఎవరు నమ్ముతారు? నాకు రాదు. టెస్టు ఎన్నిసార్లు తప్పానో చెప్పను కానీ, చివరికి డ్రైవింగ్ స్కూలు వాళ్లు నన్ను స్టాఫ్ అనుకుని టీ ఇచ్చే దాకా వచ్చింది. అక్కడ రివర్స్ నేర్పే విధానం కూడా అలాంటిదే. వెనక అద్దంలో పసుపు కర్ర కనపడగానే స్టీరింగు కుడికి మొత్తం తిప్పు, రెండో కర్ర కనపడగానే ఎడమకి తిప్పు. మా మలయాళీ టీచరు దయవల్ల ఆ కర్రలు నాకు కంఠతా వచ్చాయి. లైసెన్సూ వచ్చింది. బయటికొచ్చి చూస్తే దేశంలో ఇంకెక్కడా పసుపు కర్రల్లేవు.

అందుకని నేను ముందుకు పోయే జీవితానికి అలవాటుపడ్డాను. అజ్మాన్‌లో మా బిల్డింగు వెనక ఉన్న ఇసుక స్థలంలో, ఇటు నుంచి వచ్చి అటు నుంచి పోయేలా ఒక మూల దొరికితేనే కారు ఆపుతాను. దొరక్కపోతే దొరికే దాకా తిరుగుతాను. ఒకసారి అలా తిరిగి తిరిగి, కొన్న ఐస్‌క్రీం పాలుగా మారాక ఇంటికొచ్చాను. ఆ రోజు నుంచి నాకు కూరగాయల కొట్టు దాకానే అనుమతి.

ఇందులో నా బాధ ఐస్‌క్రీం కాదు. నేను పనిచేసేది దుబాయ్‌లో, నైఫ్ అనే పేటలో, ఒక సెంట్ల హోల్‌సేలు కొట్లో. మా గోదావరి వైపు సెంట్లంటే భూమి, నైఫ్‌లో సెంట్లంటే సీసాలు. అక్కడ లెక్కలు రాస్తాను. రోజూ కార్ లిఫ్ట్‌లో వెళ్లేదాన్ని. కార్ లిఫ్ట్ అంటే కారుని ఎత్తే యంత్రం కాదు, నెలకింత అని డబ్బు తీసుకుని మనల్ని ఎత్తుకుపోయే కారు. అజ్మాన్‌లో మొదట ఎక్కేదాన్ని నేనే, నైఫ్‌లో చివర దిగేదాన్నీ నేనే. మధ్యలో షార్జా అంతా తిరిగి, ఒక్కొక్కరినీ వాళ్ల వాళ్ల టిఫిన్ డబ్బాలతో సహా ఎక్కించుకునేది ఆ బండి. సెంట్ల కొట్టుకి చేరేసరికి నా దగ్గర పూరీ కూర, చేపల వేపుడు, ఉల్లిపాయ చట్నీ కలిసిన వాసన వచ్చేది. మా కొట్టు ఓనరు దూరం నుంచే ఊదు పొగ వేయించేవాడు.

మా ఆయన ఆఫీసు మాత్రం ఇంటికి నడిచిపోయేంత దూరం. అయినా కారు ఆయనే తీసుకెళ్లేవారు. ఎండట. నైఫ్‌కి కారు నాకివ్వండి అంటే, "హైవే మీద ప్రాక్టీసు లేదు గదా నీకు," అనేవారు. ప్రాక్టీసు చేస్తాను, కారివ్వండి అంటే, "ప్రాక్టీసు లేకుండ కారెట్ల ఇస్త?" అనేవారు. ఈ వాదన ఆ మూల నుంచి ఈ మూల దాకా గుండ్రంగా ఉంది. ఎక్కడా దిగడానికి మెట్టు లేదు.

సరే, పంటు దగ్గరికి వద్దాం. పంటంటే ప్యాంటు కాదని తేలాక మా ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "ఎన్ని ఆప్షన్లున్నయ్?"

రెండు దొరికాయి. మొదటిది ఖసబ్. రస్ అల్ ఖైమా మీదుగా కొండలంచున ఉత్తరానికి పోతే ఒమాన్ ముక్క ఒకటి విడిగా ఉంటుంది. అక్కడ పెద్ద ఓడలో కారెక్కిస్తే, గంటల తరబడి సముద్రంలో తిప్పి షినాస్‌లో దింపుతుంది. కారు నడపడం తక్కువ, నీళ్లు ఎక్కువ. రెండోది మసీరా. ఒమాన్‌లో దక్షిణంగా దిగి దిగి, ఎడారంతా దాటి షన్నా అనే రేవుకి చేరితే, అక్కడి నుంచి మసీరా ద్వీపానికి చిన్న ప్రయాణం. నీళ్లు తక్కువ, నడపడం చచ్చేంత.

"మూడోది?" అన్నారు మా ఆయన.

"మూడోది లేదండీ."

"రెండు కొటేషన్లతోని ఫైల్ ఎట్ల మూవయితది?"

అందుకని మూడోది ఆయనే వెతికి చేర్చారు. దుబాయ్‌లోనే, డేరా నుంచి బర్ దుబాయ్‌కి క్రీక్ దాటించే చిన్న చెక్క పడవ, అబ్రా. ఒక్క దిర్హం.

"అబ్రాలో కారెక్కదు డాడీ," అంది మా అమ్మాయి. అప్పుడది ఎనిమిదో తరగతి.

"అది రిమార్క్స్ కాలమ్‌ల రాసిన."

"గీదే మంచిగున్నది కొడకా," అంది అత్తమ్మ. "అవుతలికి పోదం, చాయ్ తాగుదం, యల్లా అని ఇవుతలికి వద్దం. గంత దూరం పొయ్యి పడవెక్కితే నీళ్లు వేరే ఉంటయా?"

మూడు కొటేషన్లనీ లాప్‌టాప్‌లో నిలువు గళ్లలో పేర్చారు ఆయన. దూరం, పెట్రోలు, హోటలు, వాంతులు అయ్యే అవకాశం, భోజనం, బాత్రూములు. అన్ని గళ్లున్నా ఒక్క గడి లేదు. కారు ఓడ మీదికి ముందుకెక్కాలా, వెనక్కెక్కాలా? ఆ గడి వేయాలని ఆయనకీ తట్టలేదు, నాకూ తట్టలేదు. నాకెందుకు తడుతుంది? మా నాన్న స్కూటరుకి రివర్స్ గేరే లేదు.

ఆయన మనసు ఖసబ్ మీద ఉంది. కిలోమీటర్లు తక్కువ కదా. కానీ అత్తమ్మ, "గన్ని గంటలు నీళ్ల మీదనా? నేను జగిత్యాల బస్సులనే కక్కుకుంట," అని తేల్చేసింది. మా అమ్మాయి మసీరాలో తాబేళ్లుంటాయంది. నేను ఇంటర్నెట్లో ఒక ఫొటో చూసి కుర్చీలోంచి లేచాను. షన్నా రేవులో రెండు రకాల ఓడలున్నాయి. ఒకటి తెల్లగా, పెద్దగా, టికెట్టు ముందే కొనుక్కుని టైముకి ఎక్కేది. ఇంకొకటి పైకప్పు లేకుండా, బల్లపరుపుగా, ముందు ఇనుప తలుపు ఒడ్డు మీదికి నాలికలా వాల్చి, నిండితే బయల్దేరేది. అచ్చం షేర్ ఆటో. అచ్చం మా పంటు.

"ఇదేనండీ! నేను దీని మీదే పెరిగాను."

"బుకింగ్ ఎట్ల?"

"పంటుకి బుకింగేంటండీ! రేవుకి పోతే అదే వస్తుంది."

ఆయన మళ్లీ గళ్ల వైపు చూశారు. ఆ చూపు నాకు తెలుసు. ఏదో షరతు తయారవుతోంది.

"సరే. నీ మాటనే. పంటు నువ్వే సెలెక్ట్ చేసినవ్ కాబట్టి, కారు ఎక్కించుడు నువ్వే, దించుడు నువ్వే. మిగతా రోడ్డంత నేను నడుపుత. మంచిగ చేసినవనుకో, సెలవులైనంక కారు నీది. నైఫ్‌కు నువ్వే తీస్కపో. నేను నడిచి పోత ఆఫీసుకు, ఎండల."

"చేయలేకపోతే?"

"నడిమిట్ల తాళం నాకిచ్చినవంటే, కార్ లిఫ్టే. ఇగ ఆ ముచ్చట తియ్యొద్దు."

"నేను సాక్ష్యం," అంది అత్తమ్మ. "మాట తప్పితే నా కొడుకైనా సరే, అన్నం పెట్ట."

ఆ ఇంట్లో అన్నం పెట్టేది నేను కాబట్టి ఆ బెదిరింపు ఎవరికి తగులుతుందో నాకు అర్థం కాలేదు. అయినా ఒప్పుకున్నాను. ప్రభుత్వం పెట్టిన టెస్టు ప్యాసయ్యాను, ఇది నా మొగుడు పెట్టిన టెస్టు. ఇందులో పరీక్ష పెట్టేవాడికి నేను వంట చేస్తాను, అదొక్కటే ధైర్యం.

బయల్దేరాం. బోర్డరు దగ్గర ఒమాన్ ఆఫీసరు కారు కాగితాలూ ఒమాన్‌కి చెల్లే ఇన్సూరెన్సూ చూసి, ఎక్కడికి అన్నాడు. మసీరా అన్నారు మా ఆయన. ఆఫీసరు మా పాత కారుని ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసి, "ఇన్షా అల్లా," అన్నాడు. మా కారు అప్పటికే వెనక చూపు పోయిన వయసులో ఉంది. రివర్స్ కెమెరా ఉంది కానీ తెర మీద ఎప్పుడూ పొగమంచే.

మొదటి రాత్రి నిజ్వాలో ఆగి, మర్నాడు ఎడారిలో పడ్డాం. రోడ్డు గీసినట్టు తిన్నగా ఉంది. మా ఆయన నడుపుతున్నారు, అత్తమ్మ వెనక సీట్లో సకినాల డబ్బా ఒళ్లో పెట్టుకుని, "ఇంత జాగ ఖాళీగ పెట్టుకున్నరు, జొన్నలన్న వెయ్యకపాయిరి," అని ఒమాన్ దేశాన్ని మందలిస్తోంది. నేను ముందు సీట్లో కూర్చుని, కనపడని పెడల్ని కాలితో నొక్కుతున్నాను.

షన్నా చేరేసరికి తెల్ల ఓడ రేవు వదిలి పోతోంది. బుక్ చేసుకున్నవాళ్లంతా పైన నిలబడి, చేతులు రెయిలింగుకి ఆనించి, హాయిగా మా వైపే చూస్తున్నారు. మా ఆయన నా వైపు తిరిగారు. ఆ చూపులో మూడు కొటేషన్లూ వినపడ్డాయి.

కానీ ఆ పక్కనే నా పంటు ఉంది. నాలిక వాల్చుకుని ఉంది. దాని ముందు వరసలో ఒక చేపల ట్రక్కు, సిమెంటు బస్తాల లారీ, మేకల్ని ఎక్కించిన పికప్పు, పిల్లలతో కిక్కిరిసిన ఒమానీ కుటుంబాల కార్లు. మాది వాటి మధ్యలో. సీట్లు మారాం. నేను స్టీరింగు ముందు కూర్చుని అద్దం సరిచేసుకుంటే, అద్దంలో అత్తమ్మ సకినం నములుతూ నన్నే చూస్తోంది.

"భయమైతుందా బిడ్డా?"

"లేదత్తమ్మా. మా ఊళ్లో ఇంతకంటే పెద్దవి ఎక్కాం."

మా ముందున్న బళ్లు ఎలా ఎక్కుతున్నాయో చూసుంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. నేను చూడలేదు. ఎవరికో దారి ఇవ్వబోయి మా కారు ఒక పక్కకి జరిగింది, ముందు లారీ అడ్డొచ్చింది, ఆ తర్వాత లారీ కూడా లోపలికి పోయింది. ఎదురుగా ఖాళీ. ఇనుప తలుపు మీద ఒక పెద్దాయన, తలకి గుడ్డ చుట్టుకుని, రెండు చేతులూ ఊపుతూ అరుస్తున్నాడు. సముద్రపు గాలి ఆయన మాటని సగం తినేసి మిగతా సగం నాకు పంపింది.

"...రా! ...రా!"

నాకు ఒళ్లు ఝల్లుమంది. ఇంత దూరం, ఎడారంతా దాటి వస్తే, ఒమాన్ రేవులో మన తెలుగాయన! అదీ ఎంత ఆప్యాయంగా పిలుస్తున్నాడు!

"ఆయ్, వస్తున్నానండీ!" అని కిటికీలోంచి అరిచి, యాక్సిలరేటరు నొక్కాను.

కారు నాలిక మీదికెక్కింది. పెద్దాయన చేతులు ఇంకా గట్టిగా ఊపాడు.

"లా! లా! లా!"

లా అంటే కాదు, వద్దు. దుబాయ్‌కి వచ్చిన మొదటి వారంలో ఎవరికైనా వచ్చే మాట అది. నాకూ వచ్చు. కానీ ఆ క్షణంలో, రా రా అన్నవాడు లా లా అంటుంటే పాట అందుకున్నాడనుకున్నాను.

వెనక నుంచి మా అమ్మాయి కేక పెట్టింది. "మమ్మీ, స్టాప్! ఆయన 'వరా' అంటున్నారు! వరా అంటే బ్యాక్! మాకు అరబిక్ క్లాస్‌లో ఉంది! రివర్స్‌లో రమ్మంటున్నారు!"

బ్రేకు వేసేసరికి కారు పంటు లోపలి చివర, సిమెంటు లారీ పక్కన, గోడకి ముక్కు ఆనించి ఆగింది. చాలా చక్కగా ఆగింది, ఆ మాట చెప్పుకోవాలి. కానీ అప్పుడు చుట్టూ చూశాను. చేపల ట్రక్కు, లారీ, అన్నీ వెనక్కి నడిపించుకుంటూ ఎక్కి, మొహాలు ఒడ్డు వైపు పెట్టుకుని నిలబడ్డాయి. అవతల చేరాక నేరుగా దిగిపోవడానికి. స్కూల్లో ప్రేయరప్పుడు ఒక్క పిల్ల గోడ వైపు తిరిగి నిలబడితే ఎలా ఉంటుందో అలా ఉంది మా కారు.

దిగి మళ్లీ ఎక్కుదామనుకునే లోపు మేకల పికప్పు రివర్స్‌లో సర్రున వచ్చి మా వెనక ఆగింది. దాని ముందు ఇంకో కారు. పంటు నిండింది. నాలిక లేచింది. ఇక అవతల ఒడ్డు చేరాకే. అక్కడ మిగతా బళ్లన్నీ నేరుగా దిగిపోతాయి, నేను మాత్రం ఈ పంటు పొడుగంతా వెనక్కి పోయి, వాలు మీదుగా వెనక్కే దిగాలి. వెనక్కి తిరిగి చూస్తే అద్దంలోంచి ఆరేడు మేకలు నన్ను చూస్తున్నాయి. వాటికీ విషయం తెలిసినట్టే ఉంది.

మా ఆయన నవ్వలేదు. నవ్వితే బాగుండేది. దిగి, కారు చుట్టూ తిరిగొచ్చి, నా కిటికీ దగ్గర వంగి మెల్లగా అన్నారు. "జరసేపైనంక తాళం నాకియ్యి. ఇది నీతోని కాదు. నాకే కష్టం."

"ఇస్తే మరి..."

"అది నీకు తెలుసు గదా."

తెలుసు. కిటికీలోంచి వచ్చే చేపల వాసనలో నాకు కార్ లిఫ్ట్ స్పష్టంగా కనపడింది. రేపటి నుంచి రిటైరయ్యే దాకా.

పంటు నడుస్తోంది. నీళ్లు మొదట పచ్చగా, తర్వాత నీలంగా మారాయి. నేనెంతో ఊహించుకున్న ప్రయాణం. కారు కదలకుండానే ముందుకు పోతోంది. ఈసారి ఆ సుఖం లేదు, స్టీరింగు పట్టుకునే కూర్చున్నాను. బస్సులో కక్కుకునే మా అత్తమ్మ మాత్రం రెయిలింగు పట్టుకుని, కొంగు బిగించి, ఒమానీ ఆడవాళ్లకి సకినాలు పంచిపెడుతోంది. వాళ్లు ఖర్జూరాలూ, చిన్న చిన్న గిన్నెల్లో ఖహ్వా కాఫీ ఇచ్చారు. ఆమె తెలుగులో, వాళ్లు అరబ్బీలో, ఎవరి సంగతులు వాళ్లు చెప్పుకుంటున్నారు. మా అమ్మాయి డిసెంబరులో తాబేళ్లు రావని ఫోన్లో చదివి, వాళ్ల నాన్న మీద అలిగి కూర్చుంది. తాబేళ్ల గడి కూడా ఆ కొటేషన్లో లేదు మరి.

దూరంగా ద్వీపం గీతలా కనపడగానే నేను తాళం తీసి చేతిలో పట్టుకుని, మా ఆయన దగ్గరికి పోయాను. నిజంగా ఇద్దామనే పోయాను. వాలు మీద కారు సముద్రంలోకి జారితే, అప్పుడు కార్ లిఫ్ట్ కాదు, క్రేన్ లిఫ్ట్ కావాలి.

"ఇగోండి."

అత్తమ్మ పక్కనే ఉంది. నా చేయి చూసింది, కొడుకు చేయి చూసింది.

"ఏమాయె?"

"రివర్స్ నాకు రాదత్తమ్మా. ఆయన తీస్తారట."

"వీడా?" అంది. తర్వాత ఒమానీ ఆడవాళ్ల వైపు తిరిగి, వాళ్లకి కూడా తెలియాల్సిన సంగతి అన్నట్టు, తెలుగులోనే చెప్పింది. "వీడు పదో తరగతైనంక ట్రాక్టరు నేర్చిండు. ఎనుకకు తీస్త, ఎనుకకు తీస్త అనుకుంట పొయ్యి మా బర్రెల కొట్టం గోడ మొత్తం కూలగొట్టిండు. బర్రె మూడు దినాలు పాలియ్యలే."

"అమ్మా, గిప్పుడు గదెందుకు?"

"మీ బాపు గోడ మల్ల కట్టిచ్చిండు గని, ట్రాక్టరు తాళం గుంజుకున్నడారా? మల్లా తెల్లారి నిన్నే ఎక్కిచ్చిండు."

ఒమానీ ఆవిడ ఏమర్థమైందో కానీ గట్టిగా తల ఊపింది. మా ఆయన సముద్రం వైపు చూశారు. పెళ్లై ఇన్నేళ్లయినా ఈ గోడ సంగతి నాకెవరూ చెప్పలేదు. నేను చేయి వెనక్కి తీసుకున్నాను. ఆ రోజు నేను చేసిన మొదటి రివర్స్ అదే.

మసీరా ఒడ్డు తగిలింది. నాలిక వాలింది. చివర ఎక్కిన కారు దిగింది, మేకల పికప్పు దిగింది, పోతూ పోతూ మేకలు చివరిసారి చూసుకున్నాయి. చేపల ట్రక్కు, లారీ, అందరూ దిగిపోయారు. ఖాళీ పంటు మీద ఆ చివర మా కారొక్కటే మిగిలింది. అటు ఒడ్డు మీద, తిరుగు ప్రయాణానికి ఎదురుచూసే బళ్ల వరస. అందరూ ఇంజన్లు ఆపి, తలలు బయటికి పెట్టి చూస్తున్నారు. ద్వీపంలో ఆ సాయంత్రం ఇంకో కాలక్షేపం లేనట్టుంది.

"అందరూ దిగండి," అన్నాను. "మీరు కూడా."

"నేను పక్కన కూసుంట. ఏం మాట్లాడ," అన్నారు మా ఆయన.

"మాట్లాడకుండా మీరు చూసే చూపు నాకు ఇంకా పెద్దగా వినపడుతుందండీ. దిగండి."

దిగారు. తలగుడ్డ పెద్దాయన కారు వెనక నిలబడ్డాడు. నేను గేరు మార్చాను. పసుపు కర్ర లేదు, కెమెరాలో పొగమంచు. రెండు అద్దాల్లో రెండు ఇనుప గోడలు, మధ్యలో పెద్దాయన చేతులు. "షువయ్, షువయ్," అంటున్నాడు. మెల్లగా అని. ఇంకా మెల్లగా పోవాలంటే కారు ఆపేయాలి. కుడికి తిప్పితే ఎడమకి పోతోంది, ఎడమకి తిప్పితే నా ప్రాణం పోతోంది. సగంలో కారు అడ్డంగా తిరిగి పంటుకి తాళం వేసినట్టు ఆగింది. మళ్లీ ముందుకి, మళ్లీ వెనక్కి. ఒడ్డు మీద ఎవరో ఏదో సలహా అరిచారు, ఇంకెవరో దానికి వ్యతిరేకంగా అరిచారు, వాళ్లిద్దరూ వాదించుకోవడం మొదలెట్టారు. నేను ఆ సందులో ఇంకొంచెం వెనక్కి పోయాను. వాలు దగ్గర చక్రం ధడాలున దిగింది. ఎడమ పక్క నుంచి కిర్రుమని పొడుగాటి శబ్దం వచ్చింది. ఆపలేదు. ఆపితే మళ్లీ మొదలెట్టే ధైర్యం లేదు.

తర్వాత చక్రాల కింద శబ్దం మారింది. ఇనుము కాదు, రోడ్డు.

ఎదురుచూస్తున్న బళ్లన్నీ ఒక్కసారి హారన్లు కొట్టాయి. అభినందనో, ఇక జరగమ్మా అనో నాకు తెలియదు. నేను అభినందన కింద రాసుకున్నాను.

మా ఆయన వచ్చి ఎడమ తలుపు ముందు నిలబడ్డారు. ముందు చక్రం దగ్గర మొదలై, మెలికలు తిరుగుతూ, వెనక తలుపు దాకా పోయి రెండు పాయలుగా చీలిన గీత. రివర్స్ తీసినందుకు నాకు మిగిలిన రివర్. ఆయన దాని మీద వేలు పెట్టి ఆ చివర దాకా పోయారు, ఈ చివర దాకా వచ్చారు. నేను స్టీరింగు వదల్లేదు. మంచిగ చేస్తే అన్నారు కదా, గీత పడితే మంచిగ చేసినట్టా కాదా? షరతులో ఆ గడి కూడా లేదు.

"బండి ఒడ్డుకొచ్చిందా లేదా?" అంది అత్తమ్మ, వెనక సీట్లో కూర్చుంటూ. "ఇగ సూసింది సాలు, ఎక్కు కొడకా. ఆకలైతంది."

ఆయన నా కిటికీ దగ్గరికి వచ్చి ఒక్క క్షణం ఆగారు. దిగమంటారేమో అని నేను చూశాను. ఆయన కారు ముందు నుంచి తిరిగిపోయి, పక్క సీటు తలుపు తీసి, కూర్చుని, సీటు బెల్టు పెట్టుకున్నారు.

పోనిచ్చాను. ద్వీపం రోడ్డు మీద మనుషులు లేరు, సిగ్నళ్లు లేవు. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క రాళ్లు. నా జీవితంలో అంత బాగా ఎప్పుడూ నడపలేదు. హోటలు దగ్గర పడుతుండగా మా ఆయన గొంతు సవరించుకున్నారు.

"నైఫ్‌ల పార్కింగ్ యాడ దొరుకుతది నీకు?"

లైసెన్సు కోసం, కారు కోసం, పంటు కోసం అన్నేళ్లు కొట్లాడినదాన్ని, ఒక్కసారి కూడా ఆ సంగతి ఆలోచించలేదు. నైఫ్ సందుల్లో తోపుడు బండి ఆపడానికే చోటుండదు. ఉన్న ఒకటో రెండో చోట్లు కూడా, రెండు వ్యానుల మధ్య, వెనక్కి పోయి పెట్టాల్సినవి.

"చూద్దాం లెండి," అన్నాను.

చూస్తూనే ఉన్నాను. రోజూ పొద్దున్నే ఏసీ పెట్టుకుని, నా సెంటు వాసన నేనే పీల్చుకుంటూ, షార్జా ట్రాఫిక్కంతా దాటి, మా కొట్టు చుట్టూ తిరుగుతుంటాను. మా కొట్టు ఓనరు గుమ్మంలో నిలబడి, నేను మొదటిసారి ఎదురుగా పోయినప్పుడు సలాం అంటాడు. మూడోసారి పోయినప్పుడు లోపలికి పోయి నాకు చాయ్ చెప్తాడు.